కయాక్ లోపల ఫోమ్ అతికించడం: నా అనుభవం

గత శీతకాలం సియాటిల్‌లోని మా ఇంటి గ్యారేజీలో 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, గట్టిపడే ఎపాక్సీ అనే జిగురుతోనూ ఫైబర్‌గ్లాస్ గుడ్డతోనూ బిగించి 17 అడుగుల కయాక్ (లోపల కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఒకటి తయారు చేసుకున్నాను. నీటిలో అది చక్కగా తేలింది గాని, లోపల నా ఒంటికి ఆనుకునేది ఏమీ లేకపోవడంతో పడవ ఒక పక్కకు ఒరిగితే నేను మరో పక్కకు జారిపోయేవాడిని. కయాక్‌లో తెడ్డు వేసేది చేతులే అయినా పడవను అదుపులో ఉంచేది తుంటి, తొడలు, మోకాళ్లు. ఆ మూడు చోట్లా ఫోమ్ అతికిస్తే గాని పడవ పూర్తయినట్టు కాదు.

నీరు పీల్చే స్పాంజి ఇందుకు పనికిరాదు. నీరు పీల్చని గట్టి పాలిథిలిన్ ఫోమ్‌ను 3 అంగుళాల దిమ్మగా తెచ్చి, బ్రెడ్డు కోసే పళ్ల కత్తితో ముక్కలు చేసి, గరుకు కాగితంతో తుంటి ఒంపుకు తగ్గట్టు అరగదీశాను. థర్మోకోల్ వాడదామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి. ఫోమ్ అతికించడానికి నేను వాడిన కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురులోని ద్రావకం దానిని తగిలినచోటల్లా కరిగించి గుంటలు చేస్తుంది.

మొదటిసారి తుంటి ముక్కలు రెంటినీ ఒక్క సాయంత్రంలో అతికించి, రెండు రోజుల తరువాత పడవను సమామిష్ సరస్సుకు తీసుకువెళ్లాను. గంట గడవకముందే కుడివైపు ముక్క ఊడి తొడ కిందికి జారింది. ఒడ్డుకు చేరి చూస్తే జిగురంతా ఫోమ్‌నే పొరలా అంటిపెట్టుకుని ఉంది, చెక్కవైపు ఎపాక్సీ మాత్రం చేతికి జిడ్డుగా తగిలింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు, ముఖ్యంగా చలి, తేమ ఉన్న చోట, దాని పైకి మైనంలాంటి పలుచని పొర తేలుతుంది. దానిని నీటితో కడగకుండా నేరుగా గరుకు కాగితం పెడితే ఆ జిడ్డు గీతల్లోకి మరింత పరుచుకుంటుంది. నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే.

రెండవసారి గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే 80 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా గీశాను. ఫోమ్ ముఖాన్ని కూడా పలుచగా కోసి పాత జిగురు తీసేశాను. గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, ద్రావకపు ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని, రెండువైపులా పలుచగా జిగురు పూశాను. ఆ ఆవిరికి నిప్పు అంటుకునే గుణం ఉంది కనుక, గ్యాస్‌తో నడిచే నీళ్ల హీటరు అక్కడే ఉంటే ముందే ఆర్పి తీరాలి. పదిహేను నిమిషాలకు జిగురు జిగటగా తగులుతూనే వేలికి అంటని స్థితికి వచ్చింది. మా ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన అట్టకూ తోలుకూ సొల్యూషన్ పూసి పక్కన పెట్టి, ఇంకో జత పని చూసుకునేవారు. ఆయన ఎందుకు ఆగేవారో నాకు ఇన్నాళ్లకు తెలిసింది.

ఈ జిగురు ఒకసారి పట్టుకుందంటే ముక్కను కదపడం కుదరదు. అందుకని మధ్యలో మైనపు కాగితం ఉంచి, పెన్సిలు గీతకు ముక్కను సరిచూసుకుని, కింది అంచును నొక్కిపట్టి, కాగితాన్ని కొద్దికొద్దిగా పైకి లాగుతూ పిడికిలితో అదిమాను. తుంటికీ ఫోమ్‌కూ మధ్య అరచేయి చదునుగా దూరేంత సందు వదిలాను. పడవ బోల్తాపడినప్పుడు బయటికి జారి రావడానికి అది అవసరం.

ఒక రోజంతా ఆరనిచ్చి, నడుములోతు నీటిలో ఒక మిత్రుడిని పక్కన నిలబెట్టుకుని, పడవను కావాలనే మూడుసార్లు తిరగేసి బయటికి వచ్చాను. ఆ తరువాత కుడివైపు ముక్క అంచును గోటితో గట్టిగా లాగి చూశాను. ఫోమ్ కొద్దిగా తునిగింది గాని జిగురు వదలలేదు.