లేత్ మీద జింక కొమ్ముతో పెన్ను: నా అనుభవం

కర్రను తరిమెన (లేత్) పట్టి పెన్నులు, చిన్న డబ్బాలు చేసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. జింక కొమ్మును లేత్ మీదికి ఎక్కించే ముందు మాత్రం అది కర్రలాంటిది కాదనీ, ఆవు కొమ్ములాంటిదీ కాదనీ తెలుసుకోవలసి వచ్చింది. ఆవు కొమ్ము పైపొర మన గోళ్లు తయారయ్యే కెరటిన్‌తో ఏర్పడుతుంది. జింక కొమ్ము మాత్రం అచ్చమైన ఎముక, ఏటా రాలిపోయి మళ్లీ పెరిగేది. పనిలో ఎదురయ్యే ఇబ్బందులన్నింటికీ మూలం అదే.

అమెరికాలో నేనుండే విస్కాన్సిన్‌లో వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకలు విస్తారంగా ఉన్నాయి. శీతకాలంలో మగ జింకలు రాల్చే కొమ్ములను ఏరుకోవడానికి ఇక్కడ అనుమతి అక్కరలేదు. పుర్రెతో కలిసి ఉన్నవాటికి మాత్రం అధికారుల అనుమతి కావాలి. ఈ రాష్ట్రంలో 2002లో మొదటిసారి బయటపడిన క్రానిక్ వేస్టింగ్ వ్యాధి జింకల మెదడునూ నాడీమండలాన్నీ పట్టేది కనుక, అనుమతి దొరికినా అటువంటి కొమ్ముల జోలికి నేను పోను. రాలినవాటిలోనూ ఎండకు సున్నంలా తెల్లబడి పగుళ్లిచ్చినవాటినీ, ఖనిజాల కోసం ఉడతలు కొరికినవాటినీ వదిలేసి, ఇంకా గోధుమరంగు పోని, చేతికి బరువుగా తగిలే ముక్కనే ఎంచుకున్నాను.

కొమ్మును అడ్డంగా కోస్తే వెలుపల గట్టి పొర, నడుమ స్పాంజిలా చిల్లులు పడిన మెత్తని భాగం కనిపిస్తాయి. పెన్నులోపలి ఇత్తడి గొట్టానికి 7 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అది ఆ మెత్తని భాగం గుండా పోతే ముక్క బలంగా నిలుస్తుంది. కానీ కొమ్ము వంపు తిరిగి ఉంటుంది కాబట్టి పొడవైన ముక్కలో మధ్యను పట్టుకోవడం అసాధ్యం. అందుకే వంపు తక్కువగా ఉన్నచోట రెండు పొట్టి ముక్కలు కోసుకొని, వాటికి రెండువైపులా మధ్యను గుర్తుపెట్టి, నెమ్మదిగా డ్రిల్ చేశాను. బిట్‌ను మాటిమాటికీ వెనక్కి లాగి పొడి దులపకపోతే వేడి పెరిగి కొమ్ము చీలుతుంది. రంధ్రంలో పల్చని సూపర్ గ్లూ పోసి, అది చిల్లుల్లోకి ఇంకి గట్టిపడ్డాక అదే బిట్‌తో మళ్లీ తొలిచాను. గొట్టాన్ని మాత్రం సందులు పూడ్చే ఎపాక్సీ జిగురుతో అతికించాను.

ఏటికొప్పాకలో తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తిపెడితే రాపిడి వేడికి అది కరిగి రంగు పడుతుంది. అక్కడ వేడి పనివాడికి సాయం. ఇక్కడ అదే వేడి శత్రువు. కొత్తగా పదును పెట్టిన ఉలితో పల్చగా గీసుకుంటూ పోవాలి, పదును తగ్గిందనిపించిన మరుక్షణం ఆగాలి. కర్రనుంచి వచ్చినట్టు పొడవైన చెక్కులు రావు. సన్నని పొడి రాలుతుంది, దాని వాసన దంతవైద్యుడు పన్ను అరగదీసేటప్పుడు వచ్చే వాసనే. ఎముక పొడి ఊపిరితిత్తులకు చేటు. గుడ్డమాస్కు దానిని ఆపలేదు కాబట్టి, గాలిని వడకట్టే రెస్పిరేటర్ తగిలించుకొని, దుమ్ము లాగే యంత్రాన్ని పక్కనే నడుపుతూ పనిచేశాను. ఇంటి లోపల ఈ పని పెట్టుకోవద్దనే నేను చెబుతాను.

పైపొర తీస్తున్నకొద్దీ కొత్త చిల్లులు బయటపడతాయి. కనిపించిన ప్రతిసారీ లేత్ ఆపి, సూపర్ గ్లూతో నింపి, ఆరనిచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టింది దీనికే. ఇంకొకటి ఉంది: ఆ గోధుమరంగు పైపైనే ఉంటుంది, లోపలంతా మీగడ రంగు. అంతా నున్నగా తిప్పితే ప్లాస్టిక్ పెన్నుకూ దీనికీ తేడా కనపడదని నా అభిప్రాయం, కనుక ఒకవైపు గరుకు పైపొరను కావాలనే వదిలేశాను. 220 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 600 దాకా రుద్ది, పైన పల్చగా సూపర్ గ్లూ పూతలు వేసి, మైక్రోమెష్ అనే అతిసన్నని రాపిడి పట్టీలతో 12000 నంబరు వరకు తడిపి మెరుగుపెట్టాను.

హైదరాబాద్ ప్రయాణాల్లో ఈ పెన్నును వెంట తీసుకెళ్లను. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి చుక్కల దుప్పి, కణుజు కొమ్ముల వ్యాపారం నేరం. చేతిలో ఉన్నది అమెరికా జింక కొమ్మేనని విమానాశ్రయంలో నిరూపించే కాగితమేదీ నా దగ్గర లేదు.