'నిన్న లేదు' అని ఇంగ్లీషులో చెప్పాలంటే

ఇప్పుడు కరెంటు లేదు. నిన్న రాత్రి కూడా కరెంటు లేదు. మనకు రెండు చోట్లా ఒకటే 'లేదు'; ఎప్పటి సంగతో 'ఇప్పుడు', 'నిన్న' అనే మాటలే చెబుతాయి. ఇంగ్లీషులో క్రియ మారి తీరాలి. 'దేర్ ఈజ్ నో పవర్' కాస్తా నిన్నటికి 'దేర్ వాజ్ నో పవర్' అవుతుంది.

ఒకటైతే వాజ్, ఎక్కువైతే వర్. ఇది తెలిసినవాళ్లు కూడా నీళ్ల దగ్గర తడబడతారు. తెలుగులో 'నీళ్లు లేవు' బహువచనం కదా, ఆ ఊపులో 'దేర్ వర్ నో వాటర్' అనేస్తారు. వాటర్ ఇంగ్లీషులో లెక్కపెట్టే వస్తువు కాదు కాబట్టి 'దేర్ వాజ్ నో వాటర్' అనాలి. పాలు, డబ్బులు కూడా అంతే: మిల్క్, మనీ రెండిటికీ వాజే. 'ఎవరూ లేరు' ఇంకా ఇబ్బంది పెడుతుంది. 'లేరు' వినగానే వర్ నోటికొస్తుంది, కానీ నోబడీ ఎప్పుడూ ఏకవచనమే: 'దేర్ వాజ్ నోబడీ ఎట్ హోమ్'. కుర్చీలు, బస్సులు లాంటివాటికి మాత్రం నిశ్చింతగా 'దేర్ వర్ నో చెయిర్స్', 'దేర్ వర్ నో బసెస్' అనొచ్చు.

'నో' బదులు 'ఎనీ' వాడితే లేదనే అర్థం క్రియలోకి వెళ్లాలి: 'దేర్ వజంట్ ఎనీ వాటర్'. వజంట్ అంటే 'వాజ్ నాట్', దాని పక్కన మళ్లీ నో పెట్టకూడదు, ఒక వాక్యానికి ఒక్క 'లేదు' చాలు.

ఫలానా మనిషి లేడని చెప్పడానికి ఈ వరస పనికిరాదు. 'నిన్న రవి లేడు' అంటే 'రవి వజంట్ దేర్ యెస్టర్డే'. 'దేర్ వాజ్ నో రవి' అంటే రవి అనే మనిషే లేడన్నట్టు వినిపిస్తుంది. 'నిన్న నా దగ్గర డబ్బు లేదు' కూడా వేరే దారి పడుతుంది: 'ఐ డిడ్ నాట్ హావ్ ఎనీ మనీ'. డిడ్ వచ్చాక హాడ్ రాకూడదు, ఎందుకంటే గతాన్ని డిడ్ అప్పటికే చెప్పేసింది. సులువుగా కావాలంటే 'ఐ హాడ్ నో మనీ' చాలు.

జవాబు చెప్పేటప్పుడు ఇంకో చిక్కు. 'వజంట్ దేర్ ఎనీ వాటర్?' అని అడిగితే మన అలవాటు 'అవును, లేవు'. ఇంగ్లీషులో నీళ్లు లేకపోతే 'నో, దేర్ వజంట్', ఉంటే 'యెస్, దేర్ వాజ్'. 'యెస్' ఒక్కటే అని ఆగిపోతే, ఎదుటివాళ్లు నీళ్లు ఉన్నాయనుకుంటారు.