భీముని కొలను దగ్గర నా పరువు (నా అనుభవం)

తొడల నొప్పి ఇంకా దిగలేదు. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సొస్తోంది. ఈ మంట చల్లారక ముందే రాసేస్తే నయం, తర్వాతైతే నేను కూడా అందరిలాగే "ఆహా, ఎంత బాగా జరిగిందో" అనేస్తాను.

శివరాత్రికి ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నల్లమల అడవిలో శ్రీశైలం దాకా నడిచిపోయే దారి చాలామందికి తెలిసిందే. నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెర్వు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, అక్కణ్నుంచి హటకేశ్వరం మీదుగా మల్లన్న గుడి. ఇది పులుల అడవి, 1983లోనే ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అందుకే మామూలు రోజుల్లో ఇష్టమొచ్చినట్టు పోనివ్వరు. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు నడుస్తారు. మా మామకు ఈ దారి కొట్టినపిండి. ఈసారి అత్త, నా భార్య, బామ్మర్దితో పాటు నన్నూ బయల్దేరదీశాడు.

పెచ్చెర్వు దాకా చెప్పుకోవడానికేం లేదు. నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకున్నాం, అన్నదానాల దగ్గర తిన్నాం, రాత్రి పట్ట పరుచుకుని పడుకున్నాం. నేను చెప్పేదంతా మర్నాటి సంగతి.

తెల్లవారకముందే లేచి టార్చిలైట్లతో నడక మొదలుపెట్టాం. మఠంబావి దాటేదాకా అందరికన్నా ముందు నేనే. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు, మా ఆవిడని అడగండి. బామ్మర్ది పొట్ట పట్టుకుని వెనక ఆయాసపడుతుంటే "ఏం రా, ఆగాల్నా?" అని రెండు మూడుసార్లు అడిగాను కూడా. ఆకులు రాలిన అడవి, అక్కడక్కడ మోదుగుపూలు, కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు. ఆ సేపు నిజంగా హాయిగా ఉంది.

ఎండెక్కాక భీముని కొలను ఎంత దూరమని అడగడం మొదలుపెట్టా. ఎదురొచ్చిన ఒక స్వామి "ఇదో, రెండు కిలోమీటర్లే" అన్నాడు. గంట నడిచాక ఇంకొకాయన్ని అడిగితే "రెండుంటాయేమో" అన్నాడు. ఆ తర్వాత నీళ్లు పోసే పిల్లోణ్ణి అడిగా. వాడు నా మొహం ఒకసారి చూసి, జాలిపడి, "ఒకటిన్నర" అన్నాడు. ఈ దారిలో దూరం ఎవర్నీ అడక్కండి. అబద్ధం చెప్పాలని ఎవరికీ ఉండదు, మనం కూలబడిపోతామని తగ్గించి చెప్తారు. ఆ జాలే మనల్ని ముంచుతుంది.

ఇక లోయ. పాండవులు ఇటు వచ్చినప్పుడు భీముడు గదతో కొడితే ఇక్కడ నీళ్లు పడ్డాయంటారు. పైనుంచి చూస్తే రాతిమెట్లు కిందికి పోతూనే ఉంటాయి. దిగుడే కదా అని సంతోషపడ్డా. అసలు మోసం ఆ దిగుడులోనే ఉంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి మనిషి ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, ఒంటి బరువునంతా తొడ కండలే పట్టి ఆపుతుంటాయి, అది మనకు తెలీదు. లోయ అడుగుకొచ్చి నిలబడేసరికి మోకాలి పైన కండ దానంతటదే అదురుతోంది. చెయ్యి వేసి అదిమినా ఆగడం లేదు. దానికి తోడు "కొండలకు ఇవే కరెక్ట్ సార్" అని షాపువాడు అంటగట్టిన బూట్లు. మెట్టు మెట్టుకూ బొటనవేలు ముందుకు పోయి గుద్దుకుని గోరు నల్లబడింది. మా అత్త ఉత్త కాళ్లతో దిగింది, ఆమెకు ఒక్క గీత పడలేదు.

14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన పుణ్యం కొండవీటి ప్రోలయ వేమారెడ్డిది. పెద్దాయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు కానీ, లోయ నుంచి కైలాసద్వారానికి ఎక్కాల్సిన ఎదురుగా ఉన్న ఆ మెట్లు మాత్రం ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు. కాలికి లెక్క కుదిరేలోపే లెక్క మారిపోతుంది.

కొంత ఎక్కానో లేదో తొడ కండ పట్టేసింది. రాయిలా బిగుసుకుంది. అరిచిన మాట నిజమే. మెట్టు మీద కూలబడ్డా. ఆ దారేమో ఇరుకు, వెనక జనం. పోయే ప్రతివాడూ ఆగి వైద్యం చెప్పేవాడే. కాలు చాపమని ఒకరు, ముడవమని ఇంకొకరు, ఉప్పు నాకమని మరొకరు. ఉప్పు ఇచ్చినవాడు మాత్రం లేడు. ఇరుముడి పెట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను పైనుంచి కిందికి చూసి, "మనసులో ఏదో పెట్టుకుని వచ్చుంటావు నాయనా, అందుకే స్వామి ఎక్కనీడంలేదు" అన్నాడు. అదీ మా మామ ముందు! మా మామ అడవి వైపు తిరిగి చెట్లు చూస్తున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కండ పట్టేయడానికి పాపపుణ్యాలతో పనేంటండీ? నొప్పితో కూర్చున్నవాడికి చేతనైతే గుక్కెడు నీళ్లివ్వాలి, లేకపోతే నోరు మూసుకుని తన దారిన తాను పోవాలి. వాడి లెక్కలు అడగడానికి మనమేం చిత్రగుప్తులం కాదు. ఆ పెద్దమనిషి తర్వాత నాలుగు మలుపుల పైన రాయికి ఆనుకుని రొప్పుతూ కనిపించాడు. నేనేం అనలేదు, చూసి ఊరుకున్నా.

అప్పటికే పైకి పోయిన మా అత్త మళ్లీ దిగొచ్చింది. "అల్లుడా, సిగ్గుపడితే ఈడనే ఉంటావు. లెయ్" అని మామ భుజం మీది తువ్వాలు లాగి కొడుకు చేతికిచ్చింది. వాడు ఒక కొస నడుముకు చుట్టి ముడేశాడు. రెండో కొస నేను పట్టుకోవాలి. పొద్దున "ఆగాల్నా?" అని నేనడిగినవాడే ఇప్పుడు వెనక్కి తిరిగి, "బావా, మెల్లగా పోదాంలే" అంటున్నాడు. వెనకాల గుంపు "చేదుకో మల్లన్నా, చేదుకో" అని పాడుకుంటూ వస్తోంది. అందులో ఒక ముసలమ్మ తువ్వాలు చూసి ఆగింది. "మల్లన్నకు ఇంగ పనేముంది, మీ బామ్మర్దే చేదుతుంటే!" అంది. మెట్ల మీదున్న వాళ్లంతా నవ్వారు. మా ఆవిడ నవ్వుతూనే ఫోన్ తీసింది.

కైలాసద్వారం దగ్గర ఏం చూశానో గుర్తులేదు, సమంగా ఉన్న నేల చూశా. మజ్జిగ ఇస్తుంటే నాలుగు గ్లాసులు తాగా. హటకేశ్వరం, అక్కణ్నుంచి గుడి, క్యూ, దర్శనం సులువుగానే అయ్యాయి. చీకట్లో గుడి గోపురానికి పాగా చుట్టే పాగాలంకరణ కూడా చూశాం. ఆ కాసేపు కాళ్లు గుర్తు రాలేదు, అది ఒప్పుకోవాలి.

పోవాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు. లోయలోకి దిగేటప్పుడు చేతికర్ర తప్పనిసరి, పక్కకు తిరిగి దిగండి, తొందరపడకండి. జేబులో ఉప్పు పొట్లం పెట్టుకోండి, అడిగితే ఎవరూ ఇవ్వరు. బూట్ల షాపువాళ్ల మాట వినకండి. అడవిలో ప్లాస్టిక్ పారేయకండి. బామ్మర్దిని వెంట తీసుకుపోండి కానీ పొద్దున వాణ్ణి ఏమీ అనకండి.

వీడియో ఇప్పుడు రెండు ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉంది. మా అమ్మ చూసి, "ఆ పిల్లోడికి మంచి చొక్కా ఒకటి కొనిపెట్టు" అని ఫోన్ చేసింది. కొన్నా. కావాలనే ఒక సైజు తక్కువ తీసుకున్నా.