రేపటి పెట్టె, ఎల్లుండి పెట్టె

జీతం కాకుండా పైన నాలుగు రూపాయలు ఎలా సంపాదించాలని మా మందుల కంపెనీ స్టోర్స్‌లో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. అప్పటికే వాళ్ల ఫోన్లలో ఏదో ఒక మెసేజ్ వచ్చి ఉంటుంది. ఇంట్లో కూర్చుని టైపింగ్ చేయండి, వీడియోలకు లైకులు కొట్టండి, రోజుకు వేలు సంపాదించండి అని. ముందు రిజిస్ట్రేషన్‌కు కొంచెం కట్టాలట. పని ఇచ్చేవాడు మనకు డబ్బులివ్వాలి గానీ మన దగ్గర తీసుకునుడేంది? ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నేను చేసేది సీతాఫలాల బేరం. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం, జడ్చర్లలో ఇల్లు. వినాయక చవితి దాటాక మొదలుపెడితే దీపావళి అయిన కొన్నాళ్ల దాకా సాగుతుంది. పక్కనే బాలానగర్. వ్యవసాయ పుస్తకాల్లో ఆ ఊరి పేరుతో ఒక సీతాఫలం రకమే ఉంది. గుట్టల మీద, పొలం గట్ల వెంట, ఎవరూ నీళ్లు పెట్టకున్నా వానకే కాస్తుంది. తండాల ఆడవాళ్లు పొద్దున్నే తెంపుకొచ్చి 44వ నంబర్ హైవే పక్కన గంపలు పెట్టుకుంటారు. హైదరాబాద్ పోయే కార్లు ఆపి కొనుక్కుంటారు.

అంత దండిగా దొరికే పండును నా దగ్గరెందుకు కొంటారు? పట్నంలో చాలామందికి సీతాఫలం ఇష్టమే గానీ ఏ రోజు తినాలో తెలియదు. గట్టి కాయను తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెడతారు. తొక్క నల్లబడుతుంది, లోపల సరిగ్గా పండదు. బయట పెట్టినవాళ్లు ఒక్క రోజు మరిచిపోయినా చాలు, చెయ్యి పెడితే చితికిపోతుంది.

మందుల స్టోర్స్‌లో ఏ సరుకు ముందొచ్చిందని చూడం, ఏది ముందు ఎక్స్‌పైరీ అవుతుందో అది ముందు బయటికి పోవాలి. నేను కాయలను అట్లనే ఏరుతాను. కళ్లు బాగా విచ్చుకుని, కన్నుకు కన్నుకు మధ్య సందు తెల్లగా పసుపుగా తిరిగి, నొక్కితే కొంచెం లొంగేది రేపటి పెట్టెలోకి. కళ్లు విచ్చుకున్నా ఇంకా గట్టిగా ఉన్నది ఎల్లుండి పెట్టెలోకి. కన్ను తెరవని కాయ అసలు తీసుకోను, అది ఎన్నాళ్లున్నా పండదు, వాడిపోతుంది. పెట్టె మీద తినాల్సిన రోజు స్కెచ్ పెన్నుతో రాస్తాం. గింజలు నలిగి కంట్లో పడితే కళ్లకు హాని కాబట్టి చిన్నపిల్లలుంటే జాగ్రత్త అని లోపల ఒక చీటీ కూడా పెడతాం. ఆ చేతిరాత మా ఆవిడది, నాది డాక్టర్ల రాత కన్నా అన్యాయం.

నాకు కాయలిచ్చే అక్క మొదట్లోనే తేల్చి చెప్పింది: "ఏరుకుంటే ధర వేరే ఉంటది తమ్మీ." న్యాయమే. నేను ఏరుకున్నాక మిగిలినవి ఆమె తక్కువకు అమ్ముకోవాలి కదా. అక్కడ బేరమాడను.

లెక్క చెప్తాను, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గంప 600, అందులో 60 కాయలు. ఆటో, అట్టపెట్టెలు, గడ్డి కలిపి 150. కాయ 20కి అమ్మితే 1,200 వస్తుంది, 450 మిగులుతుంది అనిపిస్తుంది. కానీ అరవైలో పది పోతాయనే లెక్కేయాలి. దెబ్బ తగిలినవి, పురుగు పట్టినవి, ఆర్డర్ ఇచ్చి ఫోన్ ఎత్తనివాళ్లవి. అప్పుడు చేతికి వచ్చేది 1,000, మిగిలేది 250. ఆ 250కి పొద్దున్నే లేవడం మీకు ఇష్టమేనా కాదా అని చూసుకోండి. నాకు ఇష్టమే.

రవాణాకు కంపెనీ బస్సులో హైదరాబాద్ పోయే సహోద్యోగులే ఆధారం. తలా ఒకటి రెండు పెట్టెలు తీసుకుపోతారు, వాళ్ల అపార్ట్‌మెంట్లలోనే ఇస్తారు. వాళ్ల వాటా పండ్ల రూపంలో ముట్టజెప్తాను. దీనికి ముందు హెచ్ఆర్‌ను అడిగాను. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో వేరే వ్యాపారం చేయకూడదనే షరతు చాలా కంపెనీలు పెడతాయి, సంతకం పెట్టిన కాగితం ఒకసారి తీసి చదవండి.

డబ్బులకు వేరే బ్యాంకు ఖాతా ఉంది, ఫోన్‌పే దానికే కలిపాను. పండించిన రైతుకు వ్యవసాయ ఆదాయం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. కొని అమ్మే నాకు అది వర్తించదు, ఇది వ్యాపారమే. అందుకే జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 రిటర్న్ ఫారం కాకుండా ఐటీఆర్-4 వేస్తాను. చిన్న వ్యాపారాలకు ఉన్న అంచనా లాభం పద్ధతిలో (1961 చట్టంలో 44ఏడీ సెక్షన్) అమ్మకాల్లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపిస్తే చాలు, పెద్ద ఖాతా పుస్తకాలు అక్కర్లేదు. అసలు లాభం అంతకన్నా ఎక్కువ వస్తే ఎక్కువే చూపించాలి, నాకు ఎక్కువే వస్తుంది.

సీజన్ అయిపోయాక బత్తాయిలు కూడా పెట్టమని కొందరు అడుగుతున్నారు. నల్గొండలో మా బామ్మర్దికి తోట ఉంది, తెప్పించడం కష్టమేం కాదు. కానీ బత్తాయి వారం రోజులు ఇంట్లో పడున్నా ఏం కాదు, ఏ బండి మీద కొన్నా ఒకటే. ఏ రోజు తినాలో దానికి నేను రాసివ్వాల్సిన పని లేదు. వద్దన్నాను. బామ్మర్ది కొంచెం అలిగాడు.