గుర్రపుడెక్క తీసినాం, కొర్రమీనుకు చోటు మిగిల్చినాం

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టే ఉంటాది. మా చెరువు ఎండాకాలంలో కూడా నిండుగా ఉండేది నేను చిన్నప్పుడు చూళ్లేదు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు పడినాకనే నిలిచింది. మా మత్స్యకారుల సంఘం బొచ్చె, రోహు పిల్లల్ని వదిలింది. కొర్రమీను మేం వదలకుండానే పెరిగింది. ఆ వెనకే నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క చేరింది. ఎండా, ఊరి మురుగునీళ్లూ దొరికితే రెండు వారాలకే రెట్టింపయ్యే మొక్క అది. వల వేస్తే డెక్కే వస్తాది, పుట్టి కదలదు.

పోయినేడు ఏప్రిల్‌లో ఒక ఆఫీసు వాళ్లు కాంట్రాక్టుకిచ్చి, చెరువు మొత్తానికీ ఒకేసారి 2,4-డి అనే కలుపు మందు కొట్టించినారు. వారంలో ఆకులు మెలితిరిగి, ఎండిన పొగాకు రంగుకొచ్చి మునిగిపోయినాయి. నీళ్లు కనపడేసరికి మేమూ సంబరపడినాం. తర్వాత ఒక రోజంతా మబ్బు పట్టింది. మరుసటి రోజు తెల్లారకముందే చిన్నాయన ఫోన్ చేసినాడు: "రేయ్, బొచ్చెలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాండాయి, బిరీన రారా!" నేను పోయేలోపలే గట్టు పొడవునా తెల్లగా తేలి ఉన్నాయి. రెండేళ్లు మేపిన చేపలు. చిన్నాయన ఒక్క మాటా మాట్లాడలేదు, పంచె ఎగ్గట్టి నీళ్లలో దిగి ఒక్కొక్కటే తీసి బయట వేసినాడు.

మందు విషానికే చచ్చినాయని ఊరంతా అనుకున్నారు. మత్స్యశాఖ సార్ నీళ్లు పరీక్ష చేసి వేరే చెప్పినాడు. మునిగిన డెక్క కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తాది. నీళ్లలోని పచ్చదనం పగలు ఎండకు ఆక్సిజన్ ఇచ్చినా, రాత్రిపూట అదీ పీల్చుకుంటాది. అందుకే తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. మబ్బు రోజైతే ఇచ్చేదీ ఉండదు. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే బొచ్చెకు ఇబ్బంది లేదు, 3 కిందికి దిగితే కష్టం. ఆ పొద్దు మా నీళ్లలో 1 కూడా లేదు.

కొర్ర మాత్రం చావలేదు. అది పైకొచ్చి గాలి మింగే చేప, నీళ్లలో ఊపిరి లేకున్నా కొన్నాళ్లు తట్టుకుంటాది. పోనీలే, అదన్నా మిగిలిందనుకున్నాం. తొలకరి వస్తేగానీ అసలు నష్టం తెలియలేదు. కొర్ర గట్టు పక్క లోతు లేని నీళ్లలో, మొక్కల మధ్య గుడ్లు పెడతాది. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి పైన తిరుగుతాంటే తల్లీతండ్రీ కింద కాపలా కాస్తాయి. ఆ ఎర్రగుంపుల్ని చిన్నప్పటి నుంచి చూస్తాండా. పోయినేడు ఒక్కటీ కనపడలేదు. డెక్కతోపాటు గట్టు పక్క జమ్ము కూడా మాడిపోయి, దాక్కునే చోటే లేకపోయె.

అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్‌కు గాలం వేసేవాళ్లకూ ఇదే తగువని సార్ చెప్పినాడు. అదీ మన కొర్ర మాదిరే మొక్కల అంచున పొంచి వేటాడే చేప. మొక్కలు మరీ దట్టంగా కమ్మితే దానికి వేట దొరకదు, అంతా పోతే పిల్లలకు చాటుండదు. మన చెరువుల్లో మామూలుగా పెరిగే హైడ్రిల్లా నాచు 1950ల్లో అక్వేరియం వ్యాపారంతో ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సుల్ని కమ్మేసిందంట. దానికి వాళ్లు వాడే ఫ్లూరిడోన్ అనే కలుపు మందు వారాలు, నెలల మీద మెల్లగా చంపుతాది కాబట్టి కుళ్లు ఒక్కసారిగా పడదు. చిన్నాయన నాకు గాలం నేర్పినప్పుడు చెప్పిందీ ఇదే కదా: "నడిమధ్యన కాదురా, డెక్క అంచున వెయ్, నీడా నీళ్లూ కలిసే చోట."

ఈ ఏడు మేమే పూనుకున్నాం. అర్జీ, సంఘం తీర్మానం, చెరువు ఇరిగేషన్ వాళ్లది కాబట్టి వాళ్ల అనుమతి, అంతా అయ్యేసరికి నెలన్నర పట్టింది. జనవరి చలిలోనే మొదలుపెట్టినాం, పూత రాకముందే తీయాలని. ఆ విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాది. పుట్టిలో ఇద్దరు పోయి డెక్కను తాడుతో చుట్టి ముడేస్తే, గట్టు మీద పదిమంది లాగేవాళ్లం. నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే, ఆ బరువు చెప్పనలవి కాదు. నీళ్లు కారిపోయే దాకా గట్టు అవతల ఆరబెట్టి, ట్రాక్టరుతో దిబ్బకు తోలినాం. మూడో వంతు తీసి రెండు వారాలు ఆగేది, మళ్లీ తీసేది. వారానికి రెండు రోజులు తెల్లవారుజామున సార్ ఇచ్చిన కిట్టుతో నేనే నీళ్లు చూసినా. ఆక్సిజన్ 4 కిందికి దిగలేదు.

మందు వద్దే వద్దని నేను అనను. కొట్టక తప్పని చోట చల్లటి నెలల్లో, కొంచెం కొంచెంగా కొట్టాల. చెరువంతా ఒకేసారి కొట్టే పనికి మాత్రం ఇంక నేను ఒప్పుకోను.

తూర్పు గట్టున జమ్మును ముట్టుకోలేదు. దాని ముందర కొంచెం డెక్కను కూడా తాడుకు ఖాళీ డబ్బాలు కట్టి, బయటికి పారకుండా ఆపినాం. "తీసేదాన్ని మళ్లీ కాపాడేదేంది?" అని సంఘంలో గట్టిగానే పోట్లాడినారు. జూలైలో ఆ జమ్ము పక్కనే రెండు ఎర్రగుంపులు కనపడినాయి. ఆ వైపు నెల రోజులు ఎవరూ గాలం వేయకూడదని అందరం ఒప్పుకున్నాం. మొన్న గాలికి తాడు ఒక కొస తెగి డెక్క తూము వైపు జరిగింది. రేపు పొద్దున చిన్నాయనా నేనూ పుట్టి ఎక్కి కొత్త తాడు కట్టాల.