బ్రాకెట్లు లేని కండిషన్

ఈ రోజంతా ఒకే ఒక్క బైటుతో గడిచిపోయింది. సెన్సార్ పంపే స్టేటస్ బైటు అది. అందులో 0 లేదా 1 ఉండే ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్టుకు ఒక్కో అర్థం. కుడి చివరనున్న బిట్టు 1 అయితే పవర్ ఉన్నట్టు. కుడి నుంచి మూడోది, అంటే 4 విలువ ఉన్నది, 1 అయితే కొత్త రీడింగ్ సిద్ధమైనట్టు. అది 1 అయ్యేదాకా ఆగి రీడింగ్ తీసుకోవాలి. మా ప్రోగ్రామేమో ఆగకుండా పాత రీడింగునే మళ్లీ మళ్లీ చదివేస్తోంది.

కొత్తగా టీములో చేరిన కుర్రాడు పొద్దున్నుంచీ వైర్లు మార్చి మార్చి చూస్తున్నాడు. "కండిషన్ కరెక్టుగానే ఉంది కదా మేడమ్" అంటూ స్క్రీన్ చూపించాడు.

స్టేటస్ & 4 == 4

& అంటే రెండు సంఖ్యల్లోనూ 1 ఉన్న బిట్లను మాత్రమే ఉంచడం, == అంటే రెండూ సమానమా అని అడగడం. పైపైన చదివితే తప్పేమీ కనిపించదు. కానీ మేం వాడే సీ భాషలో & కంటే == కి ప్రాధాన్యం ఎక్కువ. ముందు 4 == 4 లెక్క తేలుతుంది, అది నిజం కాబట్టి 1 వస్తుంది. ఇక మిగిలేది స్టేటస్ & 1. రీడింగ్ సిద్ధమా అని అడగాల్సింది పోయి పవర్ ఉందా అని అడుగుతున్నామన్నమాట. పవర్ ఎప్పుడూ ఉంటుంది! (స్టేటస్ & 4) == 4 అని రాయించాను, సరిపోయింది. వార్నింగులు ఆన్ చేసి కంపైల్ చేస్తే జీసీసీ కంపైలర్ ఇక్కడ బ్రాకెట్లు పెట్టమని తనే చెబుతుంది. వార్నింగులు ఆపేసి సీ రాయడం నాకు అస్సలు నచ్చదు.

"అసలు ఇలా ఎందుకు పెట్టారు మేడమ్?" అన్నాడు. మంచి ప్రశ్న. సీకి ముందు వచ్చిన బీ భాషలో, రెండు షరతులూ నిజమేనా అని అడిగే && లేదు. కండిషన్లలోనూ & నే వాడేవాళ్లు. రెండు పోలికలను & తో కలిపి రాసినప్పుడు పోలికలే ముందు తేలాలి కాబట్టి ఆ వరస అప్పటికి సబబే. తర్వాత సీలో && వచ్చింది. అయినా అప్పటికే రాసి ఉన్న కోడ్ చెడిపోకూడదని సీని రూపొందించిన డెన్నిస్ రిచీ & ని ఉన్నచోటే ఉంచారు. మార్చి ఉంటేనే బాగుండేదని తర్వాత ఆయనే రాశారు.

ఈ తిప్పలున్నా, బిట్ల మీదే నేరుగా పనిచేసే ఈ బిట్‌వైజ్ ఆపరేటర్లంటే నాకు ప్రాణం. పరికరాన్ని నడిపించే బిట్లుండే కంట్రోల్ రిజిస్టర్‌లో ఒక్క బిట్టు మార్చాలి, పక్క ఏడింటినీ ముట్టుకోకూడదు. |= 4 అంటే ఆ బిట్టు ఆన్, &= ~4 అంటే ఆఫ్, ^= 4 అంటే ఉన్నదానికి తిరగేత. ఇంత తక్కువ రాతలో ఇంత కచ్చితమైన పని ఇంకెక్కడ దొరుకుతుంది?

అన్ని బిట్లనూ తిరగేసే ~ తో మాత్రం జాగ్రత్త. ఎనిమిది బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో 15 ఉంటే ~ పెట్టాక 240 వస్తుందనుకుంటాం. సీ దాన్ని ముందు ఇంకా ఎక్కువ బిట్లుండి మైనస్ విలువలూ పట్టే ఇంట్‌గా పెంచుతుంది, అందుకే వచ్చేది -16. దాన్ని 240తో పోలిస్తే ఎప్పటికీ కలవదు.

సాయంత్రం కాస్త తీరిక దొరికితే అతనికి ఎన్ & (ఎన్ - 1) చూపించాను. బైనరీలో 12 అంటే 1100, 11 అంటే 1011, రెండిటికీ & చేస్తే 1000. అన్నిటికంటే కుడివైపున్న 1 ఎగిరిపోయింది. సున్నా వచ్చేదాకా ఇలా చేస్తూ పోతే ఎన్ని 1లు ఉన్నాయో అన్నిసార్లే లూప్ తిరుగుతుంది. అతను పెన్ను తీసుకుని 44తో వేసి చూసుకున్నాడు: 101100, 101000, 100000, సున్నా. మూడు 1లు, మూడు చుట్లు. ఆ తర్వాత, 2, 4, 8 లాంటి 2 యొక్క ఘాతాల దగ్గర ఒకే చుట్టుతో ఆగిపోతుందని నేను చెప్పకముందే పట్టేశాడు.