నా చేత్తో కలిపిన ముద్ద

విరేచనాలు తగ్గి వారం దాటాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నీరసం వల్లేమో అనుకున్నాం. మర్నాడు మేడమెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు ముడుచుకుపోయాయి. సాయంత్రానికి గ్యాస్ పొయ్యి నొక్కి తిప్పడానికి కూడా వేళ్లలో పట్టు లేదు. మా వారు వెంటనే రాజమండ్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూస్తే కాలు కదల్లేదు. "ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండమ్మా" అన్నారు. ఊపిరికి సాయపడే కండరాలు ఎంత బలంగా ఉన్నాయో అలా చూస్తారట. అవి కూడా పడిపోతే వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది.

వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి పరీక్ష చేశారు. గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. 2025 మొదట్లో పుణెలో ఒక్కసారిగా చాలామందికి వచ్చాక ఈ పేరు పేపర్లలో అందరూ చదివారు గానీ, నాకు వచ్చిననాటికి మా వీధిలో ఎవరూ విని ఎరగరు. 1916లో గులియన్, బారీ, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును గమనించి రాశారు. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. కడుపులో చేరిన క్రిమిని చంపడానికి ఒళ్లు తయారు చేసుకున్న రక్షణే దారితప్పి సొంత నరాల మీద పడుతుంది. కరెంటు తీగ మీది తొడుగు ఊడిపోయినట్టు నరం మీది పొర దెబ్బతింటుంది. చెయ్యెత్తమని మెదడు చెప్పిన మాట చేతికి అందదు.

ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు, అంటే దాతల రక్తం నుంచి తీసిన రక్షణ ప్రోటీన్లు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు ఎక్కిస్తారు. చాలా ఖరీదైన మందు, మా వారు బంగారం కుదువపెట్టారు. దేవుడి దయవల్ల ఊపిరి నిలబడింది. కాళ్లూ చేతులూ మాత్రం మంచానికే ఉండిపోయాయి.

నొప్పి గురించీ, నిద్రలేని రాత్రుల గురించీ చెప్పుకుంటే చాలా ఉంది. నేను చెప్పదలచుకున్నది మాత్రం అన్నం సంగతి.

ఆసుపత్రిలో అక్క తినిపించేది, ఇంటికొచ్చాక మా వారు. ఇద్దరూ ఎంతో ప్రేమగా పెట్టేవారు. అక్క పప్పులో ఆవకాయ వేసి అన్నమంతా ఎర్రగా అయ్యేదాకా పిసికేది. మా వారు చల్లారబెట్టి చిన్నచిన్న ముద్దలు పెట్టేవారు, గొంతుకు అడ్డం పడుతుందేమోనని ఆయన భయం. ఆ ముద్దలు తింటుంటేనే నాకు తెలిసింది, ముద్దపప్పులో ఆవకాయ మొత్తం కలిసిపోవడం నాకు ఇష్టం లేదని. అన్నం, పప్పు, నెయ్యి ముందు కలిపేసి, ముద్ద ముద్దకీ ఊట కాస్త అద్దుకోవాలి. ఒక ముద్ద కారంగా, తర్వాతిది కమ్మగా ఉండాలి. చిన్నప్పటి నుంచీ అలాగే తింటున్నాను, ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం నా వేళ్లు రానివ్వలేదు.

అదొక్కటే కాదు. దువ్వెన తలలో ఎంత గట్టిగా దిగాలో, నీళ్లు ఎంత వేడిగా పోసుకోవాలో, దుప్పటి మెడదాకానా గుండెదాకానా, ఇవన్నీ రోజూ నాకు నేను అమర్చుకుంటున్న సుఖాలు. సంతోషం అంటే నా లెక్కలో ఇల్లు కట్టుకోవడం, అమ్మాయికి ఉద్యోగం రావడం. అవి వచ్చాయి, నిజంగానే సంతోషపడ్డాను. కానీ ఆ మంచం మీద పడుకుని నేను తలుచుకున్నది గృహప్రవేశాన్ని కాదు. పొద్దున్నే వాకిట్లో నా అంతట నేను ముగ్గు వేసుకోవడాన్ని తలుచుకునేదాన్ని.

బలం పైనుంచి కిందికి తిరిగొచ్చింది. ముందు భుజాలు, తర్వాత మోచేతులు, ఆ తర్వాత వేళ్లు, అన్నిటికన్నా ఆఖరున పాదాలు. నరం లోపలిదాకా దెబ్బతింటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. వెన్ను నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే చూసుకోండి. తొందరపడి ఒళ్లు అలిసేలా వ్యాయామం చేయొద్దని కూడా గట్టిగా చెప్పింది. వేళ్ల కోసం పళ్లెంలో చింతగింజలు పోసి ఒక్కొక్కటీ ఏరేదాన్ని.

చెంచాతో తినడం వచ్చిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కంచంలో చెయ్యి పెట్టాను. వేళ్ల చివర్ల తిమ్మిరి ఇంకా పోలేదు, అన్నం వేడి సగమే తెలిసింది. పప్పు పలుకులు నలపడానికి బొటనవేలు సరిగా సహకరించలేదు. సగం ముద్ద ఒళ్లో పడింది. మా వారు చెంచా అందించబోయి ఆగిపోయారు. మిగిలిన సగాన్ని ఊటలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి. "కారమా?" అని అడిగారాయన. "సరిపోయింది" అన్నాను.

ముగ్గు ఇంకా ఆలస్యమైంది. పిండి చిటికెడు పట్టుకుని, సన్నని గీతగా వదలాలంటే రెండు వేళ్లకూ ఎంత పొందిక కావాలో! మొదట గీత లావుగా, వంకరగా వచ్చేది. నాలుగు చుక్కల ముగ్గు పూర్తయిన రోజు అమ్మాయికి వీడియో కాల్ చేసి చూపించాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఒంట్లో బలం పెరిగేకొద్దీ ఆ సంతోషం పలచబడుతూ వచ్చింది. చీరకు పిన్ను పెట్టుకోగలిగిన తొలిరోజు పండగలా ఉండేది. కొన్ని నెలలకు పిన్ను ఎప్పుడు పెట్టుకున్నానో కూడా గుర్తుండట్లేదు. ఇది నన్ను బాధపెట్టింది. ఆరోగ్యం అంటేనే అంతేమో, చేతులు గుర్తుకురాకపోవడమే వాటి పనితనమేమో. అయినా పూర్తిగా వదులుకోవడం ఇష్టం లేక రెండు పనులు ఎంచుకున్నాను. మధ్యాహ్నం భోంచేసేటప్పుడు ఫోను, టీవీ ఉండవు, నా వేళ్లు ఏం చేస్తున్నాయో చూస్తూ తింటాను. సాయంత్రం పుష్కరఘాట్ దాకా నడుస్తాను, కుడి పాదం ఇంకా కాస్త ఈడుస్తుంది కాబట్టి మెట్లు ఒక్కొక్కటీ చూసుకుని దిగుతాను. అలసట తొందరగా వస్తుంది, దానికి తగ్గట్టు కూర్చుంటాను. మిగతా పనులు మామూలుగానే జరిగిపోతాయి, అన్నిటినీ పట్టి చూడటం మనిషి వల్ల కాదు.

ఈమధ్య దూరపు చుట్టాల్లో ఒకావిడ ఫోన్ చేసింది, వాళ్లాయనకు ఇదే జబ్బట. మందు మొదటి రెండు వారాల్లోపు మొదలుపెట్టడం ముఖ్యమని, పక్కమీద రెండేసి గంటలకోసారి ఒత్తిగిలేలా చూడమని, చాలామంది మళ్లీ నడుస్తారని చెప్పాను. "అన్నం ఎలా కలపాలో ఆయన్ని అడుగమ్మా" అని కూడా అన్నాను. రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. చారన్నం ముద్దగా వద్దట, జారుగా కావాలట, ఆ పక్కన అప్పడం మెత్తబడకుండా విడిగా ఉంచాలట.